ఫుజి పర్వతం కనిపించే రోజును ముందే పసిగట్టడం ఎలా?

జపాన్ వెళ్లేవాళ్లు వాతావరణ యాప్‌లో సూర్యుడి బొమ్మ చూసి ఫుజి పక్కనే సరస్సు ఒడ్డునున్న కవాగుచికోకు టికెట్లు కొనేస్తారు. ఆ బొమ్మ కొండ కిందున్న ఊరికి మాత్రమే వర్తిస్తుంది, 3,776 మీటర్ల శిఖరానికి కాదు. చూడాల్సింది మేఘాల ఎత్తు. తక్కువ, మధ్య, ఎక్కువ ఎత్తు మేఘాలను విడివిడిగా చూపే యాప్ తీసుకుని, మొదటి రెండూ 20 శాతంలోపు ఉన్న గంటలు వెతకండి. 6,000 మీటర్ల పైన ఉండే పల్చటి మేఘాలు ఎన్ని ఉన్నా కొండకు అడ్డం రావు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడిగాలి వల్ల అవకాశం బాగా ఎక్కువ. జూన్, జులైల్లో గాలిలో తేమ ఎక్కువ, కొండ రోజుల తరబడి కనబడకపోవచ్చు. ఏ కాలమైనా తెల్లవారుజామే మేలు: ఎండెక్కితే వాలు వెంట తేమ పైకి లేచి, తొమ్మిది పదికల్లా నడుము దగ్గర మబ్బు కడుతుంది. వాన వెలిశాక ఉత్తరపు గాలి వీచే ఉదయాన్ని అస్సలు వదులుకోవద్దు, దుమ్మంతా కడిగేసినట్టు ఉంటుంది. శిఖరం మీద టోపీలా మబ్బు కూర్చుంటే మాత్రం వాన దగ్గర్లో ఉందని అర్థం. చూడాలనుకుంటే అప్పుడే చూసేయండి, మర్నాటికి వాయిదా వేయకండి.

బయల్దేరే ముందు లైవ్ కెమెరాలు చూడండి, ఉత్తరాన కవాగుచికోదీ, దక్షిణాన షిజువోకా వైపుదీ, రెండూ. ఒకవైపు మూసుకుపోయినా రెండోవైపు తెరిచి ఉండటం మామూలే. కుదిరితే ఫుజి దగ్గర రెండు రాత్రులు ఉండండి. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో వెళ్తుంటే సాధారణ బోగీలో ‘ఈ’ సీటు తీసుకోండి, సుమారు 40-45 నిమిషాలకు కుడివైపు కిటికీలోంచి చూడండి.