చిన్న ఆఫీసును నడిపించడం – 4వ పాఠం: మెచ్చుకోవడం ఎట్లా?

మీ సెక్షన్‌లో ఎవరు ఏం చేస్తున్నారో వారం రోజులు గమనించి నోట్‌బుక్‌లో రాసుకొమ్మని పోయిన పాఠంలో చెప్పాను. అది దగ్గర పెట్టుకోండి, ఈరోజు పని దానితోనే.

మండల ఆఫీసులో సూపరింటెండెంట్ చేతిలో డీఏ (కరువు భత్యం) లేదు, పీఆర్సీ (జీతాల సవరణ) లేదు, ట్రాన్స్‌ఫర్లు అసలే లేవు. "మరి నేనేం చేయగలను సార్?" అని చాలామంది అడుగుతుంటారు. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం 1959లో ఒక అధ్యయనం వెలువరించింది. పనిలో ఎప్పుడు బాగా సంతోషపడ్డారు, ఎప్పుడు బాగా బాధపడ్డారు అని ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగారు. బాధలో ఎక్కువగా రూల్స్, పై అధికారి తీరు వచ్చాయి. సంతోషంలో సాధించిన పని, దానికి దక్కిన గుర్తింపు వచ్చాయి. మంచి జరిగితే తనవల్ల, చెడు జరిగితే ఆఫీసువల్ల అనుకోవడం మనిషి నైజమే కదా అని తర్వాత కొందరు విమర్శించారు. అందులో నిజముంది. అయినా గుర్తింపు ఇవ్వడానికి మనకు ఏ జీవో అక్కర్లేదు.

నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి ఉండేది. ప్రజావాణిలో, అంటే సోమవారం సోమవారం జనం గోడు వినే కార్యక్రమంలో, ఇచ్చిన అర్జీలు ఆమె టేబుల్ మీదికే వచ్చేవి. ప్రతి అర్జీ మీద కుడిమూలన ఎర్ర పెన్నుతో ఫోన్ నంబరు పెద్దగా రాసేది. ఫోన్ లేని ముసలోళ్లయితే పక్కింటోళ్ల నంబరు అడిగి రాసేది. అందుకే సర్వేయర్ ముందే ఫోన్ చేసి బయల్దేరేవాడు, రైతు పొలం దగ్గర సిద్ధంగా ఉండేవాడు. నీవల్ల ఇంత మేలు జరుగుతున్నదని రెండేళ్లలో ఆమెతో ఎవరూ అనలేదు. ఒక్క అర్జీ ఆలస్యమైతే మాత్రం మెమో ఇచ్చాం. ఆ మెమో డ్రాఫ్ట్ రాసింది నేనే. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

"బాగా చేస్తున్నవమ్మా" అంటే పలకరించినట్టే ఉంటుంది. ఏం చూశారో, దానివల్ల ఎవరికి మేలైందో చెప్పండి: "అర్జీల మీద నంబర్లు రాస్తున్నవు కదమ్మా, మొన్న ఆ పెద్దాయన రెండోసారి తిరగకుండానే సర్వే అయిపోయింది. ఈ పనిలో నీకేమన్నా అడ్డం వస్తున్నదా?" అడిగాక ఆగండి. జవాబు వెంటనే రాదు. "రిజిస్టర్‌లో నంబరుకు కాలమ్ లేదు సార్" అన్నదనుకోండి, ఆ రోజే కాలమ్ గీయించండి. ముందు ఒంటరిగా చెప్పండి. నలుగురిలో ఒక్కరినే పొగిడితే తోటివాళ్ల దెప్పిపొడుపు మాటలు ఆ ఒక్కరే పడాల్సి వస్తుంది.

2016 అక్టోబర్ 11న పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలు విడిపోయినప్పుడు ఎంతోమంది 'ఆర్డర్ టు సర్వ్' (తాత్కాలికంగా ఫలానా చోట పనిచేయమనే ఉత్తర్వు) మీద కొత్త ఆఫీసులకు వెళ్లారు. వాళ్ల పని చూసినవాళ్లు పాతచోటే ఉండిపోయారు. మీ మనిషి బదిలీ అయితే, అక్కడి అధికారికి ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి.

అభ్యాసం: నోట్‌బుక్‌లోంచి ఒక్కరిని ఎంచుకొని, చెప్పబోయేది ముందు రాసుకోండి. సోమవారం ప్రజావాణి హడావిడి ఉంటుంది, మంగళవారం చెప్పండి. ఎవరి పేజీ అయినా ఖాళీగా ఉంటే, వచ్చే పాఠంలోపు వాళ్ల టేబుల్ పక్కన కుర్చీ వేసుకొని అరగంట కూర్చోండి. ఆఫీస్ సబార్డినేట్ (అటెండర్) పేజీ కూడా చూడటం మరవకండి.