కమొడోర్ 64లో బొమ్మలేయడానికి ఏ ప్రోగ్రామ్ మంచిది? పోల్చి చూడటం ఎలా?

1982లో వచ్చిన కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌కి బొమ్మలేసే ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. మెనూలో ఎన్ని పనిముట్లున్నాయో చూసి ఎంచుకోకండి. ఒకే బొమ్మను రెండు ప్రోగ్రాముల్లోనూ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇక్కడ కోలాపెయింటర్, డూడుల్ తీసుకుందాం.

1. అసలు కంప్యూటర్ లేకపోతే వైస్ అనే ఎమ్యులేటర్ (మీ కంప్యూటర్‌ని కమొడోర్ 64లా పనిచేయించే ప్రోగ్రామ్) ఉచితంగా దొరుకుతుంది. డూడుల్‌కి జాయ్‌స్టిక్ చాలు. కోలాపెయింటర్‌ని కోలాప్యాడ్ అనే టచ్ పలక కోసం చేశారు. వైస్‌లో కంట్రోల్ పోర్టుకి (జాయ్‌స్టిక్ లాంటివి తగిలించే చోటు) కోలాప్యాడ్‌ని ఎంచుకుంటే మౌస్‌తోనే గీయొచ్చు.

2. గీసే ముందు తెర లెక్క అర్థం చేసుకోండి. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. డూడుల్ తెర 320×200 చుక్కలు. గీత సన్నగా వస్తుంది, కానీ 8×8 చుక్కల గడి ఒక్కోదానిలో రెండే రంగులు పడతాయి. కోలాపెయింటర్ తెర 160×200. చుక్క రెట్టింపు వెడల్పు, కాబట్టి ఏటవాలు గీత మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. అయితే గడిలో నాలుగు రంగులు పడతాయి. అందులో ఒకటి మాత్రం తెర మొత్తానికీ ఉమ్మడిగా ఉండే నేపథ్యం రంగు. రెండింటిలోనూ మొత్తం రంగులు 16 మాత్రమే.

3. తెల్లని నేపథ్యం మీద ఓ చిలకను వేయండి. ఒళ్లు ఆకుపచ్చ, ముక్కు ఎరుపు, కన్ను నలుపు. కావాలనే ముక్కునీ కన్నునీ దగ్గరగా పెట్టండి. డూడుల్‌లో ముక్కుకి ఎరుపు వేయగానే ఆ గడిలోని ఆకుపచ్చ కూడా ఎర్రబడిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ప్రోగ్రామే చెడిపోయిందేమో అనిపిస్తుంది. కాదు, అది ఆ తెర పద్ధతి. కోలాపెయింటర్‌లో తెలుపుతో కలిపి సరిగ్గా నాలుగు రంగులు కాబట్టి చిలక నిలబడుతుంది. అదే గడిలో పసుపు చుక్క పెట్టి చూడండి, అక్కడ దాని హద్దు కూడా బయటపడుతుంది.

4. ఇప్పుడు చిలక పక్కన ఒక సన్నని వృత్తం, కింద మీ పేరు రాయండి. ఇక్కడ డూడుల్‌దే పైచేయి. అక్షరాల అంచులు శుభ్రంగా వస్తాయి.

5. రెండింటిలోనూ జూమ్ తెరిచి కంటి చుట్టూ చుక్కలు సరిదిద్దండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. గంటల తరబడి పనిచేసేది ఈ తెర మీదే, అందుకే ఈ పరీక్షను వదలొద్దు.

6. బొమ్మను డిస్క్‌లో దాచి, తిరిగి తెరిచి చూడండి. డిస్క్‌లో చోటును బ్లాకుల్లో లెక్కిస్తారు. కోలా ఫైలు 40 బ్లాకులు, డూడుల్ ఫైలు 37 బ్లాకులు తీసుకుంటుంది. ఖాళీ డిస్క్‌లో ఉండేవి 664 బ్లాకులు. అంటే కోలా బొమ్మలు 16, డూడుల్ బొమ్మలు 17 పడతాయి. ఈ తేడా చిన్నదే, దీన్ని బట్టి నిర్ణయం తీసుకోనక్కర్లేదు.

రంగుల బొమ్మలకైతే నేను కోలాపెయింటర్‌నే ఎంచుకుంటాను. ముగ్గులు, పేర్లు, నలుపు తెలుపు గీతల బొమ్మలకు డూడుల్ వాడండి. కోలాతో చేయి కుదిరాక, అదే చిలకను అడ్వాన్స్‌డ్ ఓసీపీ ఆర్ట్ స్టూడియో అనే మరో బొమ్మల ప్రోగ్రామ్‌లో కూడా వేసి చూడండి. తెర పద్ధతి కోలాదే కాబట్టి, ఈసారి మీరు పోల్చేది పనిముట్లనే.