పని దొరకని యువతకు సాయపడాలంటే: శిక్షణకు ముందు, తర్వాత

నిరుద్యోగ యువత కోసం కార్యక్రమం తలపెట్టేవారు చాలావరకు తరగతులతో మొదలుపెడతారు. అంతకంటే ముందు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుసుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లవారు. వారిలోనూ పని కోసం వెతుకుతూ, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉన్నవారినే నిరుద్యోగులుగా పరిగణిస్తారు. వెతికి వేసారి మానుకున్నవారు ఆ లెక్కలోకి రారు. కనుక చదువు, ఉద్యోగం, శిక్షణ మూడింటిలోనూ లేనివారి జాబితాను విడిగా తయారు చేసుకోండి. ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఇలాంటివారిలో ఎక్కువమంది యువతులే.

తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. ‘ఉద్యోగం ఎందుకు రాలేదు?’ అంటే తల వంచుకుంటారు. ‘చివరిసారి ఎక్కడ దరఖాస్తు చేశారు, ఆ తర్వాత ఏం జరిగింది?’ అంటే అసలు సంగతి బయటపడుతుంది. షిఫ్టు ఆరింటికైతే మొదటి బస్సు ఆరున్నరకు కావచ్చు, ధ్రువపత్రంలో ఒక పేరు, గుర్తింపు కార్డులో మరో పేరు ఉండవచ్చు, లేదా పసిబిడ్డను చూసుకునేవారు లేకపోవచ్చు. ఇలాంటి చిక్కులున్నవారిని నెలల తరబడి కోర్సులో కూర్చోబెట్టడం దండగ. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో నిరుద్యోగ యువతకు బస్సు ఛార్జీలు ఇచ్చి చూసినప్పుడు, వారి వెతుకులాట పెరగడమే కాక, కొద్ది నెలల్లోనే శాశ్వత ఉద్యోగాలు దొరికినవారూ పెరిగారు.

శిక్షణే అవసరమైనవారి విషయంలో, పాఠ్యాంశాలు రాసుకోక ముందే యజమానులను కలవండి. జర్మనీలో అప్రెంటిస్‌లు రెండు నుంచి మూడున్నరేళ్లపాటు కొంత సమయం సంస్థలోనూ, కొంత సమయం వృత్తి విద్యాలయంలోనూ నేర్చుకుంటారు, భత్యం కూడా పొందుతారు. అంత వ్యవస్థ మీకు లేకపోయినా, రాతపూర్వక ఒప్పందం, తగిన భత్యం, గుర్తింపు ఉన్న ధ్రువపత్రం తప్పనిసరి చేయండి. ఉచితంగా పని చేయించుకోవడానికి శిక్షణ అని పేరు పెట్టేవారికి కొదవ లేదు. కొత్తవారు చేరే తొలి స్థాయి కొలువుకు ‘రెండేళ్ల అనుభవం’ అడిగే యజమానిని, ఆ షరతుకు బదులు కూలి ఇచ్చి ఒక రోజు పని చేయించి చూడమని ఒప్పించండి.

ఇదంతా ఎంత త్వరగా జరిగితే అంత మంచిది, ఎందుకంటే పని లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ యజమానుల అనుమానం కూడా పెరుగుతుంది. చదువు ఆపిన లేదా పని పోయిన నాలుగు నెలల్లోగా ఉద్యోగమో, చదువో, శిక్షణో చూపాలని ఐరోపా సమాఖ్య 2013లో పెట్టుకున్న గడువును మీరూ పాటించవచ్చు.

ఉద్యోగంలో చేరాక కూడా వదిలేయకండి. తొలి జీతం చేతికొచ్చే వరకు దారి ఖర్చులకు సర్దుబాటు చేయండి. ఫలితాన్ని పంచిన ధ్రువపత్రాలతో కాక, ఆరు నెలల తర్వాత కూడా పనిలో ఉన్నవారి సంఖ్యతో లెక్కించండి. మధ్యలో మానేసినవారిని మళ్లీ పిలిచి, ఎందుకు మానేశారో రాసుకోండి.