మడోకా మాంగా: ఏది ముందు, ఏది తర్వాత

మాంగా అంటే జపనీస్ బొమ్మల కథల పుస్తకాలు. నేను చదివిన మొదటి మడోకా మాంగా, మొదట చదవకూడని పుస్తకం. 2016లో హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండేదాన్ని. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ‘ఒరికో మాగికా’ మొదటి సంపుటం కనబడింది. మడోకా పేరు అప్పటికే విని ఉన్నాను. అట్ట మీద ఒకటో నంబరు ఉంది కాబట్టి కథ ఇక్కడే మొదలవుతుందనుకున్నాను. అది అసలు మడోకా కథకు అనుబంధ కథ అని తెలియదు. రాత్రి పదకొండున్నరకల్లా చదవడం అయిపోయింది. అసలు కథ ఎంతో ఓపిగ్గా దాచి, సమయం చూసి బయటపెట్టే సంగతులు నాకు ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోయాయి. తర్వాత అసలు కథ చదివాను, ఏడ్చాను కూడా. కానీ ఏమీ తెలియకుండా చదివే అవకాశం మాత్రం పోయింది. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు ఈ పుస్తకాలు అడిగింది. దానికి అలా జరగకూడదని ఒక వరుస రాసిచ్చాను. అదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. రహస్యాలేవీ చెప్పను, నిశ్చింతగా చదవండి.

పుస్తకాల్లో అన్నిటికంటే ముందు ‘పుయెల్లా మాగి మడోకా మాగికా’ 3 సంపుటాలు. బొమ్మలు హనోకాగే గీశారు. 2011 జనవరి నుంచి ఏప్రిల్ దాకా జపాన్ టీవీలో వచ్చిన 12 ఎపిసోడ్ల యానిమేకి, అంటే జపనీస్ యానిమేషన్ సిరీస్‌కి, ఇది మాంగా రూపం. కథ గెన్ ఉరొబుచిది. మితకిహారా అనే ఊళ్లో మడోకా అనే అమ్మాయికి క్యూబే అనే తెల్లటి చిన్న జీవి కనిపిస్తుంది. ఏ కోరికైనా ఒకటి తీరుస్తానంటుంది. బదులుగా మ్యాజికల్ గర్ల్, అంటే మంత్రశక్తులున్న అమ్మాయి అయి మంత్రగత్తెలతో పోరాడాలి. మొదలు పెట్టేముందు మీకు తెలియాల్సింది ఇంతే.

నా దగ్గర ఈ పుస్తకాలు తీసుకెళ్లిన నలుగురిలో ఇద్దరు మొదటి ముప్పై పేజీల్లోనే ఆపేశారు. పెద్ద కళ్లు, రిబ్బన్లు, గులాబీ రంగు అట్ట చూసి చిన్నపిల్లల కథ అనుకున్నారు. అట్ట చూసి అలా అనుకోవడం సహజమే. దయచేసి మొదటి సంపుటం చివరిదాకా చదివాకే తేల్చుకోండి.

చదివేటప్పుడు ఒక పని చేయండి. క్యూబే ఏం చెప్పింది అన్నదే కాదు, దాన్ని ఎవరు ఏం అడిగారో కూడా గమనించండి. నేను రెండోసారి చదివినప్పుడు పెన్సిల్‌తో క్యూబే జవాబుల పక్కన చిన్న గీతలు పెట్టుకుంటూ పోయాను. అడగని ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది.

రెండో సంపుటం బరువంతా సయాకాది. వయొలిన్ వాయించే ఒక కుర్రాడి చెయ్యి బాగవ్వాలని కోరుకున్న పిల్ల ఆమె. ఈ సంపుటాన్ని డ్యూటీ మధ్యలో, బస్సులో చదవొద్దు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేస్తాను. ఒకసారి నైట్ డ్యూటీలో రెండు శాంపిళ్ల మధ్య ఖాళీలో తెరిచి, తర్వాత అరగంట పని మీద మనసు పెట్టలేకపోయాను. ఇంట్లో, తర్వాత చేయాల్సిన పనేదీ లేనప్పుడు చదవండి. మూడోది కూడా వెంటనే అందేలా పక్కన పెట్టుకోండి.

మూడు సంపుటాలూ అయ్యాక ఇంకే పుస్తకం ముట్టుకోకుండా మొదటి సంపుటానికి తిరిగి వెళ్లండి. హోమురా కొత్త విద్యార్థినిగా క్లాసులోకి వచ్చిన రోజు ఉంటుంది కదా, ఆ పేజీలు మళ్లీ చూడండి. మొదటిసారి గర్వంగా, చలనం లేకుండా కనబడ్డ ముఖం అదే. ఒక్క గీత కూడా మారలేదు. కానీ ఇప్పుడు చూస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

యానిమే చూడాలా అంటే, చూడాలి. మంత్రగత్తెల మాయాలోకాలను యానిమేలో గెకిదాన్ ఇను కర్రీ అనే బృందం కాగితం ముక్కలు, గుడ్డ పీలికలు అతికించినట్టుగా తయారుచేసింది. నలుపు తెలుపు మాంగాలో ఆ వింత సగం కూడా రాదు. యుకి కజియురా సంగీతం ఎలాగూ పేజీ మీద ఉండదు. మాంగాలో దొరికేది వేరు. ఒక ముఖం దగ్గర మీకు కావలసినంతసేపు ఆగొచ్చు. నేనైతే ముందు యానిమే, వారం తర్వాత మాంగా అంటాను. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. దాంతో చివరి రెండు ఎపిసోడ్లు ఏప్రిల్ దాకా ఆగాయి. పదో ఎపిసోడ్ దగ్గర అన్ని వారాలు ఎదురుచూసినవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పదో ఎపిసోడ్ చూశాక మీకూ ఎందుకో తెలుస్తుంది.

ఇక అసలు కథ తర్వాత. ఇక్కడ విడుదలైన సంవత్సరాలను పట్టుకుని వెళ్లకండి. మీ మనసు ఏ పిల్ల దగ్గర ఆగిపోయిందో చూసుకోండి.

మామి, క్యోకో అనే మ్యాజికల్ గర్ల్స్ దగ్గర ఆగితే ‘ది డిఫరెంట్ స్టోరీ’, 3 సంపుటాలు. ఇదీ హనోకాగే గీసినదే. వాళ్లిద్దరూ ఒకప్పుడు గురువు, శిష్యురాలు. కలిసి పోరాడేవాళ్లు. ఎందుకు విడిపోయారో ఇందులో ఉంది. మామి ఒంటరిగా టీ పెట్టుకునే ఇల్లు అసలు కథలో అందంగా కనబడుతుంది. ఇది చదివాక ఆ ఇంట్లో ఇంకో కప్పు ఎవరిదో తెలుస్తుంది. అనుబంధ కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఒక్కటే చదివే సమయం ఉంటే ఇదే చదవండి.

నన్ను దెబ్బతీసిన ‘ఒరికో మాగికా’ను ఆ తర్వాత చదవండి. 2 సంపుటాలు, కురోయె మురా గీసినవి. పుస్తకం చెడ్డది కాదు, నేను పట్టుకున్న సమయమే చెడ్డది. ఒరికో ఒక రాజకీయ నాయకుడి కూతురు. అవినీతి ఆరోపణలతో తండ్రి ఆత్మహత్య చేసుకుంటాడు. అప్పటిదాకా అందరూ తనను తండ్రి కూతురిగానే చూశారని ఆమెకు అప్పుడు అర్థమవుతుంది. జరగబోయేది ముందే చూడగల శక్తి ఆమెకు వస్తుంది. ఒక విపత్తును ఆపడానికి ఎంతమందిని బలివ్వొచ్చు అన్నదే ఈ కథ అడిగే ప్రశ్న. ఇందులోనే క్యోకో చేరదీసే యూమా అనే చిన్నపిల్ల ఉంది. తల్లి పెట్టిన వాతలను జుట్టు కింద దాచుకునే పిల్ల. ఆ పేజీలు మెల్లగా చదవండి. ఈ కథ అసలు కథతో ఎక్కడ కలుస్తుందో అసలు కథ మూడో సంపుటం చదివినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

‘కజుమి మాగికా’ 5 సంపుటాలు. కథ మసాకి హిరామత్సు, బొమ్మలు తకాషి తెన్సుగి. ఊరు కూడా వేరు, అసునారో. గతం గుర్తులేని అమ్మాయి, ఆమెకు వంటంటే ప్రాణం. మొదట సరదాగా పోతుంది, తర్వాత ముడి మీద ముడి పడుతుంది. మధ్య సంపుటాల్లో పాత్రలు ఎక్కువై నేను రెండుసార్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. పేర్లు ఒక కాగితం మీద రాసుకుని చదివితే తేలిక. ‘సుజునె మాగికా’ 3 సంపుటాలు, గాన్ గీసినది. మ్యాజికల్ గర్ల్స్‌నే చంపుతూ తిరిగే అమ్మాయి కథ. పొట్టిగా, పదునుగా ఉంటుంది.

హోమురా దగ్గర ఆగినవాళ్లకు ఒక చిక్కు ఉంది. 2013 అక్టోబరులో వచ్చిన ‘రెబెలియన్’ సినిమాకు హనోకాగే 3 సంపుటాల మాంగా చేశారు. అసలు కథ ముగింపుకీ రెబెలియన్‌కీ మధ్య జరిగినది ‘రెయిత్ ఆర్క్’ అనే మరో 3 సంపుటాల్లో ఉంది. కథ వరుస ప్రకారం రెయిత్ ఆర్క్ ముందు రావాలి. నేను మాత్రం రెబెలియనే ముందు అంటాను. దాని మొదటి సగం ఒక పొడుపుకథ. ఏదో తేడాగా ఉందే అని మీకు మీరే అనుమానపడాలి. మధ్యలో ఏం జరిగిందో తెలిసి వెళ్తే ఆ అనుమానం మొద్దుబారుతుంది. రెబెలియన్ చూసి, హోమురా మీద కోపం వచ్చాక రెయిత్ ఆర్క్ తెరవండి. ఆ కోపం అలాగే ఉంటుందో లేదో మీరే చూసుకోండి.

‘తార్త్ మాగికా’ను విడిగా, ఎప్పుడైనా చదవొచ్చు. అంటే, అసలు కథ అయ్యాక ఎప్పుడైనా. నూరేళ్ల యుద్ధం నాటి ఫ్రాన్స్‌లో సైన్యంతో నడిచిన అమ్మాయి జోన్ ఆఫ్ ఆర్క్ కథ ఇది. 1429లో ఓర్లియన్స్ ముట్టడి, 1431లో రువాన్‌లో చితి. చివర ఏం జరుగుతుందో చరిత్ర ముందే చెప్పేసింది, అయినా పేజీ తిప్పుతుంటే చెయ్యి వణుకుతుంది.

బాగా దిగులుగా ఉన్న రోజుకి ‘హోమురా తమురా’ ఉంచుకోండి. ఆఫ్రో గీసిన నాలుగు గళ్ల హాస్యం. గళ్లు పైనుంచి కిందికి, కుడివైపు నిలువు వరుస ముందు చదవాలి. అసలు కథ తెలియకపోతే ఒక్క జోకూ అందదు. ‘మాగియా రికార్డ్’ 2017లో వచ్చిన మొబైల్ గేమ్ నుంచి పుట్టిన వేరే పాయ. కామిహామా ఊరు, కనబడకుండా పోయిన చెల్లెల్ని వెతికే ఇరోహా. బాగుంటుంది, కానీ దానికి విడిగా సమయం కేటాయించుకోండి.

మాంగా కొత్తవాళ్లకు ఒక మాట: పుస్తకం కుడివైపు నుంచి తెరవాలి, ప్రతి పేజీనీ కుడి నుంచి ఎడమకు చదవాలి. నేను చదివినవి యెన్ ప్రెస్ వాళ్ల ఇంగ్లిష్ సంపుటాలు, భాష తేలికే. ఇంట్లో పెద్దలకు కూడా చెప్పాలి. ఇవి పదేళ్ల పిల్లల పుస్తకాలు కావు. ఒరికో, కజుమి, సుజునెల్లో రక్తం ఉంది. ఆత్మహత్య ప్రస్తావన ఉంది, పిల్లల్ని హింసించడం ఉంది. హైస్కూలు పిల్లలకు ఇచ్చినా, చదివాక మాట్లాడటానికి ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉండాలి.

మా అక్క కూతురికి ఒక్కో సంపుటమే ఇస్తున్నాను. ఒరికో మాత్రం బీరువా పైఅరలో పెట్టాను. మొన్న ఆదివారం రెండోది తిరిగిచ్చింది. ఎలా ఉందని అడిగితే మాట్లాడలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సయాకా గురించి ఒక ప్రశ్న అడగబోయి ఆగిపోయి, మూడోదాని కోసం చెయ్యి చాపింది.