వేడి పెరిగితే అడవి మొక్క ఎలా పెరుగుతుందో మీరే కొలిచి చూడండి

"వాతావరణం ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే ఏమైపోతుంది, వెచ్చగా ఉంటే మొక్క ఇంకా తొందరగా ఎదుగుతుంది కదా" అని చాలామంది అంటుంటారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే కొట్టిపారేయడం కష్టం. ఆ నిజం ఎంతవరకో తేల్చుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఓ పాతిక ముప్ఫై అడవి చెట్ల పిల్ల మొక్కలు, కొన్ని పారదర్శకమైన షీట్లు, ఒక స్కేలు, మందం కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్స్, రెండు సీజన్ల ఓపిక ఉంటే చాలు.

ముందు ఒక సంగతి చెప్పాలి. పెద్ద చెట్టుని చూసి పిల్ల మొక్క గురించి అంచనా వేయొద్దు. పెద్ద చెట్టుకి లోతైన వేళ్లుంటాయి, ఒంట్లో నిల్వ ఉంటుంది, ఒక ఎండాకాలం చెడ్డదైనా నెట్టుకొస్తుంది. రెండేళ్ల మొక్క వేళ్లు ఎక్కువగా పై మట్టిలోనే ఉంటాయి, ముందు ఎండేది కూడా ఆ పై మట్టే. పైగా నీడ లేని బోడి నేల మీద మట్టి పైపొర గాలి కంటే చాలా ఎక్కువగా, ఒక్కోసారి 50 డిగ్రీలు దాటి కాగుతుంది, లేత కాండం సరిగ్గా అక్కడే మట్టిని తాకుతూ ఉంటుంది.

ఇక ఏర్పాటు. బయట ఆరుబయలు నేలలోనే మొక్కని వెచ్చబెట్టడానికి చవకైన మార్గం పైకప్పు లేని గూడు: లోపలికి కాస్త వాలిన షీట్లని షడ్భుజిలా నిలబెడితే ఎండ వేడి లోపల కొంతసేపు నిలుస్తుంది, వాన పై నుంచి పడుతుంది. మంచు ప్రాంతాల్లోని చిన్న మొక్కల మీద 1990 నుంచి సాగుతున్న ఐటెక్స్ (అంతర్జాతీయ టండ్రా ప్రయోగం) పరిశోధనల్లో వాడేది ఇలాంటివే, మామూలుగా 1 నుంచి 3 డిగ్రీలు పెరుగుతుంది. దీని లోపం ఏంటంటే వేడి పగలే పెరుగుతుంది, రాత్రి పెద్ద తేడా ఉండదు, గాలి కూడా తగ్గుతుంది. అసలు వాతావరణంలో రాత్రుళ్లు కూడా వేడెక్కుతాయి కాబట్టి ఈ తేడా గుర్తుంచుకునే ఫలితాలు చదవాలి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గూడులో ఉన్నవాటిని, బయట ఉన్నవాటిని పోల్చేసి ఊరుకుంటారు. అది చాలదు, నీళ్లని కూడా లెక్కలోకి తేవాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ దాదాపు 7 శాతం పెరుగుతుంది. అంటే ఆకు నుంచీ మట్టి నుంచీ నీటిని లాగే దాహం పెరుగుతుంది. నీళ్లు కాపాడుకోవడానికి ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, తిండి తయారవదు. కాబట్టి నాలుగు గుంపులు చేయండి: వేడి-తడి, వేడి-పొడి, మామూలు-తడి, మామూలు-పొడి. ఒక్కో గుంపుకి కనీసం మూడు గూళ్లు లేదా మళ్లు పెట్టండి, ఎక్కడ ఏది రావాలో చీటీలు తీసి నిర్ణయించండి. మనకి తెలియకుండానే బాగున్న మట్టిని మనకి ఇష్టమైన గుంపుకి ఇచ్చేస్తాం, నేనూ ఇచ్చాను.

ఈ నీళ్ల గొడవ నా సొంత పైత్యం కాదు. అమెరికాలోని మిన్నెసోటా ఉత్తర అడవుల్లో పైన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, మట్టిలో వేడి తీగలు పెట్టి పిల్ల మొక్కల్ని ఏళ్ల తరబడి వెచ్చబెట్టారు. 11 జాతులు చూస్తే, 3.4 డిగ్రీలు పెంచినప్పుడు మట్టిలో తేమ బాగా ఉన్న రోజుల్లో కిరణజన్య సంయోగక్రియ పెరిగింది, మట్టి ఎండిన రోజుల్లో తగ్గిపోయింది. అదే చోట 2022లో వచ్చిన ఫలితం ఇంకా గట్టిది. కేవలం 1.6 డిగ్రీలకే 9 జాతుల్లోనూ పిల్ల మొక్కల చావులు పెరిగాయి, ముఖ్యంగా ఫర్, స్ప్రూస్ లాంటి చలి అడవుల సూదాకు చెట్లలో. అక్కడే కొన్ని వెడల్పాకు జాతులు మాత్రం ఇంకా బాగా పెరిగాయి. అందుకే పెరుగుదలకో లెక్క, బతకడానికో లెక్క విడివిడిగా రాయండి, రెండూ కలిపేస్తే ఏదీ తెలియదు.

కొలతల దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఏడాది ఎత్తు మాత్రమే కొలిచాను. గూళ్లలోవి నాలుగైదు చేతివేళ్ల వెడల్పంత ఎత్తు ఎక్కువ పెరిగాయని తెగ సంబరపడ్డాను. తర్వాత ఒక మొక్కని మట్టితో సహా తీసి నీళ్లలో కడిగి చూస్తే, పైన సన్నగా సాగిన కాండం, కింద గుప్పెడు కూడా లేని వేళ్లు. బయట పెరిగిన పొట్టిదాని వేళ్లు దానికి రెండింతలు ఉన్నాయి! అప్పటి నుంచి ఎత్తుతో పాటు మట్టికి అంగుళం పైన కాండం మందం కూడా తీస్తాను, అక్కడ పెయింటుతో చుక్క పెట్టి ప్రతిసారీ అదే చోట. మందాన్ని మందంతో గుణించి, దాన్ని ఎత్తుతో గుణిస్తే మొక్క ఒళ్లు ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. చివర్లో కొన్నిటిని తవ్వి, వేళ్లూ కాండమూ వేరుచేసి 70 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచండి, తడి బరువు నమ్మొద్దు. ఇంకో మాట, ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందని కాదు, మొదట ఉన్నదాంతో పోలిస్తే ఎంత పెరిగిందో చూడాలి. 20 సెంటీమీటర్ల మొక్క 10 పెరగడం, 60 సెంటీమీటర్ల మొక్క 10 పెరగడం ఒకటి కాదు.

థర్మామీటర్‌ని నేరుగా ఎండలో పెడితే అది చెప్పేది తన వేడే, గాలి వేడి కాదు, కాబట్టి మొక్క ఎత్తులో గాలి తగిలే నీడలో పెట్టండి. మట్టిలో తేమకి గుప్పెడు మట్టి తూచి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి మళ్లీ తూస్తే సరిపోతుంది. చలికాలం వెళ్లాక మొగ్గ ఏ రోజు విచ్చిందో కూడా రాసుకోండి, ఎందుకంటే వెచ్చదనానికి మోసపోయి ముందే విచ్చిన చిగురు ఆ తర్వాత ఒక్క గడ్డకట్టే రాత్రి వస్తే మాడిపోతుంది.

ఆకులు మధ్యాహ్నం వాలితే కంగారు పడకండి. తెల్లారక ముందు వెళ్లి చూడండి. అప్పటికి లేచి నిలబడితే రాత్రి నీళ్లు అందాయన్నమాట, అప్పుడు కూడా వాలే ఉంటే మట్టిలో నీళ్లు లేవు, ఆ తేదీ ఎర్ర పెన్నుతో రాయండి.

ఆకులు రాలిపోయిన మొక్కని వెంటనే చచ్చినవాటి జాబితాలో వేయకండి. గోటితో కాండం మీద బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందకి, మొదలు దగ్గర గీకి చూడండి. అక్కడా ఎండిపోయినా సరే నంబరు చీటీ పీకొద్దు, వచ్చే సీజన్‌ దాకా ఉంచండి. నేను చచ్చిందని రాసుకున్న వాటిలో రెండు మళ్లీ మొదట్లోంచి చిగురేశాయి.