మెయిల్‌కు అడ్డుపడేది ఎవరు? మూడో పాఠం: యాంటీవైరస్, బ్యాకప్, ఒకే ఫైలు కోసం పోటీ

రెండో పాఠంలో కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని ఔట్‌లుక్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచాం. థండర్‌బర్డ్ వాడేవాళ్లు షిఫ్ట్ కీతో ట్రబుల్‌షూట్ మోడ్‌లోకి వెళ్లారు. అలా తెరిచినప్పుడు సాఫీగా నడిచి, మామూలుగా తెరిస్తే మొరాయించిందంటే తప్పు చాలావరకు యాడ్-ఇన్‌లది, అంటే మెయిల్ ప్రోగ్రామ్‌కు తగిలించిన చిన్న అదనపు ప్రోగ్రామ్‌లది. అలాంటివాళ్లకు ఈ పాఠంతో పెద్దగా పనిలేదు, ఒక్కో యాడ్-ఇన్ తీసి చూసుకుంటూ పోతే చాలు. సేఫ్ మోడ్‌లో కూడా అదే గొడవ కనిపించినవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. వాళ్ల కంప్యూటర్‌లో ఇంకేదో ప్రోగ్రామ్ బయటి నుంచి మెయిల్ మీద చెయ్యి వేస్తూ ఉండవచ్చు.

ఆ చెయ్యి ఎక్కువగా రెండు చోట్ల పడుతుంది. ఒకటి, మెయిల్ సర్వర్‌కు వెళ్లే దారి. రెండోది, మెయిల్ దాచుకునే ఫైలు. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా సెట్టింగ్‌లు మార్చడం మొదలుపెడితే రోజంతా గడిచినా ఫలితం ఉండదు.

ఈ పాఠం మిర్చి సీజన్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో ఎగుమతి ఆఫీసులో మెయిల్ ఆగిందంటే మామూలు టెన్షన్ కాదు. ప్రొఫార్మా ఇన్వాయిస్ వెళ్లాలి, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కాపీ వెళ్లాలి, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులో తప్పులు దిద్ది ఆ పూటే తిరిగి పంపాలి. ఆ కంగారులో చాలామంది చేసే పని ఔట్‌లుక్ తీసేసి మళ్లీ ఎక్కించడం. అడ్డుపడే ప్రోగ్రామ్ అక్కడే ఉంటుంది కాబట్టి కొత్తగా ఎక్కించిన ఔట్‌లుక్‌కూ అదే గతి పడుతుంది. ఇంకొందరు ఏకంగా కంప్యూటర్ ఫార్మాట్ కొట్టిస్తారు. పాప్ పద్ధతిలో మెయిల్ దింపుకునే ఆఫీసులో అలా చేస్తే ఏళ్ల తరబడి జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు పోతాయి, ఎందుకంటే సర్వర్‌లో కాపీ ఉండకపోవచ్చు.

అందుకని ముందు మెయిల్ ఫైలుకు కాపీ తీయండి. ఔట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్‌కు వెళ్లి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే ఫైలున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. తర్వాత ఔట్‌లుక్ మూసేసి, టాస్క్ మేనేజర్‌లో దాని పేరు లేదని చూసుకుని, ఫైలును బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూ కింద ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లో ప్రొఫైల్ ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా కాపీ చేయాలి. ఇది అయ్యేదాకా ఏ సెట్టింగ్ జోలికీ వెళ్లవద్దు.

దారిలో అడ్డం

మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్‌తో మాట్లాడే పోర్టులు, అంటే నంబరు వేసిన దారులు, కొన్నే. ఐమ్యాప్‌కు (మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) 993, పాప్‌కు 995, పంపడానికి 465 లేదా 587. ఈ మాటలన్నీ ఎన్‌క్రిప్షన్‌లో నడుస్తాయి, మధ్యలో ఎవరూ చదవలేరు. యాంటీవైరస్‌లోని మెయిల్ స్కానర్‌కు అదే చిక్కు. లోపల ఏముందో చూడాలంటే అది మధ్యలో దూరాలి. గుంటూరు నుంచి విజయవాడకు సీలు వేసి పంపిన కవరును కాజ టోల్‌గేటు దగ్గర ఒకరు తెరిచి చదివి, తన సొంత సీలు వేసి ముందుకు పంపినట్టుంటుంది దాని పద్ధతి. అందుకోసం యాంటీవైరస్ తన సీలును నమ్మమని చెప్పే రూట్ సర్టిఫికెట్‌ను విండోస్‌లో పెట్టుకుంటుంది. ఔట్‌లుక్ విండోస్ సర్టిఫికెట్ల జాబితానే నమ్ముతుంది కాబట్టి ఊరుకుంటుంది. థండర్‌బర్డ్‌కు తన జాబితా వేరే ఉంటుంది. ఒకే కంప్యూటర్‌లో, ఒకే అకౌంట్‌కు ఔట్‌లుక్ బాగా పనిచేసి థండర్‌బర్డ్ మాత్రం సర్టిఫికెట్ గురించి హెచ్చరిస్తే మొదటి అనుమానం యాంటీవైరస్ మీదే పెట్టుకోండి.

అనుమానం తీర్చుకోవడం తేలిక. హెచ్చరిక వచ్చినప్పుడు 'ఎస్' నొక్కి ముందుకు వెళ్లకుండా 'వ్యూ సర్టిఫికెట్' నొక్కండి. 'ఇష్యూడ్ బై' ఎదురుగా ఎవరి పేరు ఉందో చదవండి. జీమెయిల్ అయితే గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ అని ఉండాలి. అక్కడ మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే మధ్యలో ఉన్నది ఎవరో తెలిసిపోయింది. రెండూ కాక ఎవరో తెలియని పేరు ఉంటే మెయిల్ తెరవడం ఆపి నెట్‌వర్క్ చూసేవాళ్లను పిలవండి. ఆ హెచ్చరికను ఎక్సెప్షన్‌గా ఒప్పుకోవడం ప్రమాదం.

ఇంకో లక్షణం కూడా ఉంది. చిన్న మెయిళ్లు వెళ్తాయి, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రం ఔట్‌బాక్స్‌లో కూర్చుని కాసేపటికి టైమవుట్ అంటాయి. స్కానర్ మొత్తం మెయిల్‌ను తన దగ్గర ఆపుకుని చూస్తుండగా ఔట్‌లుక్ ఓపిక అయిపోతుంది. పాప్, ఐమ్యాప్ అకౌంట్లకు ఔట్‌లుక్ మామూలుగా ఒక నిమిషమే చూస్తుంది. అకౌంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో సర్వర్ టైమవుట్స్ అనే పట్టీని 10 నిమిషాల దాకా జరపవచ్చు. అయితే ఫైలు సైజు కూడా చూసుకోండి. అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లోకి ఎక్కించేటప్పుడు అది మూడో వంతు పెరుగుతుంది. 18 ఎంబీ ఫైలు దాదాపు 24 ఎంబీ అవుతుంది. జీమెయిల్ పరిమితి 25. సరుకు ఫొటోలు నాలుగైదు కలిపి పంపేవాళ్లకు ఇదే చాలాసార్లు అసలు కారణం, దానికి యాంటీవైరస్‌ను తిట్టుకుని లాభం లేదు.

పరీక్ష ఇలా చేయండి. యాంటీవైరస్ మొత్తాన్ని ఆపవద్దు. అందులో 'ఈమెయిల్ ప్రొటెక్షన్' లేదా 'మెయిల్ స్కాన్' అనే ఒక్క భాగాన్ని ఆపండి. ఔట్‌లుక్ మూసి తెరవండి. 5 ఎంబీ ఫైలు పెట్టి మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. వెళ్లిందా? అయితే ఆ భాగాన్ని ఆపే ఉంచవచ్చు. భద్రత పోతుందేమోనని భయపడేవాళ్లకు చెబుతున్నాను: అటాచ్‌మెంట్‌ను మీరు తెరిచినప్పుడో, సేవ్ చేసినప్పుడో యాంటీవైరస్‌లోని రియల్ టైమ్ కాపలా ఆ ఫైలును ఎలాగూ చూస్తుంది. దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపకండి.

కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. కొత్త మెషీన్‌తో ట్రయల్ ఒకటి వస్తుంది, దాని గడువు అయిపోయాక షాపులో ఇంకొకటి ఎక్కిస్తారు, పాతది తీయరు. రెండూ అదే దారిలో కాపలా కాస్తాయి. పాతదాన్ని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసినా ముక్కలు మిగులుతాయి కాబట్టి ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తో తీయండి.

పాస్‌వర్డ్ పదే పదే అడగడాన్ని మాత్రం ఈ లెక్కలో వేయకండి. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత జీమెయిల్ అకౌంట్లకు, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరు 16 నుంచి ఔట్‌లుక్ డాట్ కామ్ అకౌంట్లకు ఉత్త పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లను రానివ్వడం ఆపేశాయి. పాత ఔట్‌లుక్‌లో జీమెయిల్ పెట్టుకున్నవాళ్లు గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ఫైలు మీద పోటీ

బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు అనుకోండి. జీఎస్టీ రిటర్నులకు 11, 20 తేదీలు దగ్గర పడ్డాయి. అసిస్టెంట్ కుర్రాడు ఫోన్ చేసి, "సార్, నా సిస్టంలో ఔట్‌లుక్ తెరుచుకోవట్లేదు. మేడమ్ గారు తన దాంట్లో మూసేస్తే నాకు వస్తోంది" అంటాడు. రోగం పేరు ఆ రెండో వాక్యంలోనే ఉంది. ఆఫీసులో ఒక కంప్యూటర్‌ను సర్వర్ అని పిలుచుకుని, మెయిల్ ఫైలును దాని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టారు. ఔట్‌లుక్ మెయిల్ దాచుకునే ఈ పీఎస్‌టీ ఫైలును ఒక సమయంలో ఒక్కరే తెరవగలరు. పైగా నెట్‌వర్క్ మీద పెట్టి వాడటాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. కనెక్షన్ ఒక్కసారి తెగినా ఫైలు పాడవవచ్చు. ఇద్దరు ఒకే అకౌంట్ చూడాలంటే ఐమ్యాప్ పెట్టుకోవడమే దారి.

ఒకరే వాడుతున్నా పోటీ వస్తుంది. పాప్ అకౌంట్ల పీఎస్‌టీ ఫైలును ఔట్‌లుక్ మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనే పెడుతుంది. వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు) బ్యాకప్ ఆన్ చేసిన కంప్యూటర్‌లో ఆ డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఇంటర్నెట్‌కు వెళ్తూ ఉంటుంది. కొన్ని జీబీల ఒకే ఫైలు, ఔట్‌లుక్ తెరిచినప్పుడల్లా మారే ఫైలు, వన్‌డ్రైవ్ దాన్ని పట్టుకుని పంపుతూ ఉంటే ఔట్‌లుక్‌కు 'ఫైలు ఇంకొకరి చేతిలో ఉంది' అనే మెసేజ్ వస్తుంది. కొన్నిసార్లు మెసేజ్ కూడా రాదు, తెల్లటి తెర నిలబడిపోతుంది.

ఎవరి చేతిలో ఉందో విండోసే చెబుతుంది. ఈ ఒక్క పద్ధతి నేర్చుకుంటే ఈ పాఠానికి పెట్టిన సమయం మీకు తిరిగొచ్చినట్టే, అందుకని నిదానంగా చేయండి. ఔట్‌లుక్ మూసేయండి. స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. సీపీయూ అనే ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' అనే పట్టీ ఉంటుంది. దాని పక్కనున్న వెతికే పెట్టెలో మీ మెయిల్ ఫైలు పేరు ఇంగ్లీషులో టైప్ చేయండి. ఔట్‌లుక్ మూసి ఉంది కాబట్టి జాబితా ఖాళీగా రావాలి. ఏదైనా పేరు కనిపిస్తే ఫైలును పట్టుకున్నది అదే. అది వన్‌డ్రైవ్ కావచ్చు, బ్యాకప్ ప్రోగ్రామ్ కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు. ఔట్‌లుక్ పేరే కనిపించిందంటే అది పూర్తిగా మూసుకోలేదు. టాస్క్ మేనేజర్‌లో ఆపి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి.

వన్‌డ్రైవ్ అయితే ఫైలును దాని పరిధి నుంచి బయటికి తేవాలి. ఔట్‌లుక్ మూసి, డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, పీఎస్‌టీని అందులోకి జరపండి. ఔట్‌లుక్ తెరవగానే ఫైలు దొరకలేదంటుంది. కంగారు పడకుండా ఓకే నొక్కి కొత్త చోటు చూపించండి. బ్యాకప్ ప్రోగ్రామ్ అయితే దాని సమయాన్ని ఆఫీసు కట్టేశాక పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఔట్‌లుక్ మూయడం అలవాటు చేసుకోండి.

థండర్‌బర్డ్ వాడేవాళ్లు ఇంకో సంగతి తప్పక తెలుసుకోవాలి. అది మామూలుగా ఇన్‌బాక్స్‌లోని మెయిళ్లన్నీ ఒకే ఫైలులో రాస్తుంది. అందులో ఒక్క మెయిల్‌లో వైరస్ ఉన్నా యాంటీవైరస్ ఆ ఫైలు మొత్తాన్ని క్వారంటైన్‌లోకి, అంటే అనుమానం ఉన్న ఫైళ్లను విడిగా బంధించే చోటికి, లాక్కుపోయే ప్రమాదం ఉంది. అప్పుడు తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తుంది. అలా జరిగితే ముందు క్వారంటైన్ జాబితా చూసి అక్కడి నుంచి ఫైలును వెనక్కి రప్పించండి. జరగకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, వచ్చే మెయిళ్లను విడివిడిగా క్వారంటైన్ చేయడానికి యాంటీవైరస్‌కు అనుమతి ఇచ్చే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. ప్రొఫైల్ ఫోల్డర్‌ను స్కాన్ నుంచి మినహాయించవచ్చు కూడా. మినహాయింపు ఆ ఒక్క ఫోల్డర్‌కే ఇవ్వండి, డ్రైవ్ మొత్తానికి ఇవ్వకండి.

మెయిళ్లు మాయమవుతున్నాయంటే ఫైలు పాడైందనే అనుకోనక్కర్లేదు. అదే అకౌంట్‌ను ఇంట్లో ఇంకో కంప్యూటర్ పాప్‌లో దింపుకుంటూ, సర్వర్‌లో కాపీ ఉంచే గడికి టిక్ లేకపోతే, ఎవరు ముందు దింపుకుంటే మెయిల్ వాళ్లది అవుతుంది. రెండు చోట్లా ఆ టిక్ పెట్టండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని

ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: మీ మెయిల్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, అది వన్‌డ్రైవ్‌లోకి వెళ్తోందా, మీ యాంటీవైరస్‌లో మెయిల్ స్కాన్ ఆన్‌లో ఉందా. గొడవ లేని కంప్యూటర్‌లోనూ రిసోర్స్ మానిటర్ పరీక్ష ఒకసారి చేయండి, బాగున్నప్పుడు జాబితా ఎలా ఉంటుందో కళ్లకు అలవాటు అవుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏం మార్చారో, ఏ టైమ్‌కు మార్చారో పక్కన రాసుకోండి.

నాలుగో పాఠంలో ఎక్సెల్ నుంచి 'సెండ్' నొక్కితే డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రామ్ లేదనే మెసేజ్ ఎందుకు వస్తుందో, ఒక ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా, ఇంకోదాన్ని మామూలుగా తెరిస్తే రెండూ ఎందుకు మాట్లాడుకోవో చూద్దాం. ట్యాలీ నుంచి ఇన్వాయిస్‌లు మెయిల్ చేసేవాళ్లు అప్పటికి ట్యాలీలోని ఈమెయిల్ సెట్టింగ్స్ పేజీ ఒకసారి తెరిచి అక్కడ ఏ సర్వర్ పేరు ఉందో రాసి పెట్టుకోండి. ట్యాలీ ఔట్‌లుక్ ద్వారా పంపదు, సొంతంగా సర్వర్‌తో మాట్లాడుతుంది కాబట్టి దాని గొడవను విడిగా చూడాలి.