ఇంటి సోలార్‌కు బ్యాటరీ జతచేయడం ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి కొమ్మ విరిగి తీగల మీద పడితే హనుమకొండలోనైనా కరీంనగర్‌లోనైనా కరెంటు పోతుంది. స్లాబు మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉన్న ఇల్లూ అందరితో పాటు చీకట్లోనే ఉంటుంది. పట్టపగలు పోయినా అంతే. ఎండ మండిపోతుంటుంది, కింద ఫ్యాను తిరగదు.

ఇది లోపం కాదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉన్నప్పుడే దానితో కలిసి నడుస్తుంది, లైన్ పోగానే తానూ ఆగిపోతుంది. అలా ఆగకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగిలి ప్రాణం పోవచ్చు. బ్యాటరీ పెట్టేటప్పుడు కూడా ఈ రక్షణ చెడకుండా చూసుకోవాలి.

ముందు అవసరం తేల్చుకోండి

నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలిన యూనిట్లు లైన్‌లోకి వెళ్లి, మనం రాత్రి వాడుకున్న వాటితో సర్దుబాటవుతాయి. కాబట్టి బిల్లు తగ్గించుకోవడానికే అయితే బ్యాటరీ అక్కర్లేదు. పైగా నింపి తీసేటప్పుడు యూనిట్లు కొంత వృథా అవుతాయి. కేంద్రం వారి పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు వచ్చే రూ.78,000 సబ్సిడీ కూడా ప్యానెళ్ల సిస్టంకే, బ్యాటరీకి విడిగా ఏమీ రాదు. నా మటుకు బ్యాటరీ పెట్టడానికి గట్టి కారణం పవర్ కట్ ఒక్కటే. అందుకే ప్యానెళ్ల సైజును బట్టి కాకుండా, కరెంటు పోయినప్పుడు ఏవి నడవాలో చూసి బ్యాటరీ కొనాలి.

కాగితం మీద లెక్క వేయండి

మూడు ఫ్యాన్లు 225 వాట్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు 40, టీవీ 100, వైఫై 15, ఫ్రిజ్ సగటున 70 అనుకుంటే మొత్తం 450 వాట్లు. ఐదు గంటలు కరెంటు పోతే రెండుంపావు యూనిట్లు కావాలి (వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్). మార్కెట్లో ఎక్కువగా దొరికే 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం కొలత) లిథియం బ్యాటరీలో 5.12 యూనిట్లు పడతాయి. అడుగున కొంత వదిలేసి, వృథా పోగా నాలుగు యూనిట్ల పైచిలుకు చేతికొస్తుంది. అంటే ఈ ఇంటికి సుమారు తొమ్మిది గంటలు. ఫ్యాన్లు మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే రకం) పెడితే అదే బ్యాటరీ 13 గంటల దాకా లాగుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చడం మేలు.

ఏసీని, బోరు మోటారును ఈ లెక్కలోకి తేకండి. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దాంతో ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. పగలే ట్యాంకు నింపి పెట్టుకుంటే సరిపోతుంది.

ఏ బ్యాటరీ?

12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో (మామూలు ఇన్వర్టర్లకు వాడే లెడ్ యాసిడ్ రకం) కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి. పై లిథియం బ్యాటరీ ఇచ్చేంత రావాలంటే అలాంటివి నాలుగైదు కావాలి, నీళ్లు పోసే పని అదనం. ఖర్చు ఎక్కువైనా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి.

ఇన్వర్టర్ సంగతి

కొత్తగా సోలార్ పెట్టిస్తున్నవారు మొదటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లనూ బ్యాటరీనీ రెండింటినీ చూసుకునేది) అడగండి. బ్యాటరీ తర్వాత కొనుక్కోవచ్చు. ఇప్పటికే ఆన్‌గ్రిడ్ ఉంటే రెండు దారులు: దాన్ని తీసి హైబ్రిడ్ పెట్టడం, లేదా దాన్ని అలాగే ఉంచి పక్కన బ్యాటరీ ఇన్వర్టర్ జతచేయడం. రెండో దారిలో ఆ రెండూ ఒకదానితో ఒకటి పనిచేసేలా తయారైనవే కావాలి. లైన్ పోయినప్పుడు బ్యాటరీ నిండిపోయి ఇంట్లో వాడకం తగ్గితే ప్యానెళ్ల కరెంటు పోవడానికి చోటుండదు. సరైన పరికరమైతే కరెంటు ఫ్రీక్వెన్సీ కొంచెం పెంచి, సోలార్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును తగ్గిస్తుంది. ఇంట్లోని మామూలు ఇన్వర్టర్‌కు ఆ తెలివి లేదు. దాని అవుట్‌పుట్‌ను ఆన్‌గ్రిడ్‌కు కలిపి నడిపిస్తామని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి, బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ పాడైపోవచ్చు.

ఇన్వర్టర్ మార్చేముందు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకోండి. బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే కంట్రోల్ సర్క్యూట్) మీ ఇన్వర్టర్‌తో మాట్లాడుతుందో లేదో తయారీదారు జాబితాలో చూసుకోండి.

వైరింగ్, చోటు

లెక్కలో రాసుకున్న ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌కు వేరే డీబీ (స్విచ్‌లు, ఎంసీబీలు ఉండే పంపిణీ పెట్టె) పెట్టించి, బ్యాకప్ లైన్ దానికే ఇవ్వాలి. ఈ డీబీ న్యూట్రల్‌ను మిగతా ఇంటి న్యూట్రల్‌తో కలపకూడదు. పాత ఇళ్లలో తరచూ ఇక్కడే తేడా వస్తుంది, ఎలక్ట్రీషియన్ పక్కనే నిలబడి అడగండి. బ్యాటరీ దగ్గర డీసీ ఫ్యూజు లేదా డీసీ ఎంసీబీ ఉండాలి, ఇంటి మామూలు కరెంటుకు వాడే ఏసీ ఎంసీబీతో సరిపెట్టనివ్వొద్దు.

తయారీదారు చెప్పే వేల సైకిళ్ల (ఎన్నిసార్లు నింపి వాడవచ్చో) లెక్క సాధారణంగా 25 డిగ్రీల దగ్గరది. రామగుండంలో మే నెల ఎండ 45 దాకా పోతుంది. మెట్ల కింద, గాలాడే నీడపట్టు గోడ మంచిది, స్లాబు మీది రేకుల గది వద్దు. 2023 జులైలో వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూశాం. పల్లపు చోట ఇల్లుంటే ఛాతీ ఎత్తున గోడకు బిగించండి.

పరీక్ష

అంతా అయ్యాక సాయంత్రం మెయిన్ ఆఫ్ చేయించండి. బ్యాకప్ డీబీ లైట్లు వెలగాలి, మిగతా ఇంట్లో, మెయిన్ నుంచి ఇంటి వైపు వచ్చే వైర్లలో టెస్టర్ వెలగకూడదు. ఫ్రిజ్ రెండుసార్లు ఆన్ అయ్యేదాకా ఆగి చూడండి. ఇన్వర్టర్ యాప్‌లో రిజర్వ్ (పవర్ కట్ కోసం బ్యాటరీలో దాచేది) ఎంత శాతం ఉంచాలో సెట్టింగ్ ఉంటుంది. గాలిదుమారాల నెలల్లో దాన్ని 80 పైన పెట్టించండి. ఇవన్నీ కళ్లముందు జరిగాకే మిగిలిన డబ్బు ఇవ్వండి.